పోటీ పరీక్షల ప్రత్యేకం: గ్రీకు సువార్త నుంచి తెలుగు సువార్త దాకా

కొత్త నిబంధన మూలభాష గ్రీకు. దాని అతి పాత ప్రతుల్లో ఒకటిగా పేరొందినది పీ52 అనే పపైరస్ ముక్క.

- కాలం: సాధారణంగా క్రీ.శ. 2వ శతాబ్దం అంటారు
- పాఠం: యోహాను సువార్త, 18వ అధ్యాయం
- పరిమాణం: సుమారు 8.9 × 6 సెం.మీ.; రెండువైపులా రాత ఉంది, కాబట్టి ఇది చుట్ట కాదు, పుస్తకపు ఆకు
- సేకరణ: ఈజిప్టు, 1920
- ప్రచురణ: సి.హెచ్. రాబర్ట్స్, 1935
- ఉన్నచోటు: జాన్ రైలాండ్స్ గ్రంథాలయం, మాంచెస్టర్

ఆ ముక్క ఇంతకాలం నిలవడానికి కారణం: ఏటా సుమారు 550 మి.మీ. వాన పడే అనంతపురాన్నే కరవు సీమ అంటాం. ఈజిప్టు ఎడారిలోనైతే వాన దాదాపు లేదు. ఆ పొడితనమే పపైరస్‌ను కాపాడింది.

తెలుగులో: మిషనరీ బెంజమిన్ షుల్జ్ 1732కల్లా బైబిలును అనువదించారు, అది అచ్చుకాలేదు. డెగ్రాంజెస్, ఆనందరాయర్‌లు అనువదించిన సువార్తలు 1812లో శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి.