రెండు 52ల మధ్య మీ కారు

ప్రశ్న: నా దగ్గర టర్బో డీజిల్ కారు ఉంది. వారంటీ ఇంకా ఉంది. డయాగ్నోస్టిక్ (ఓబీడీ) పోర్టు ద్వారా ఈసీయూ (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్) లోని ఫైల్‌ని ల్యాప్‌టాప్‌లోకి తీసుకుని, అందులో ఏ మ్యాప్ (సెట్టింగుల పట్టిక) దేనికోసమో సొంతంగా తెలుసుకుంటున్నాను. పికప్ కాస్త పెంచుకోవాలని ఉంది. స్నేహితులు తమ బళ్లకూ చేసిపెట్టమంటున్నారు. ‘కంపెనీ సాఫ్ట్‌వేర్‌ని విప్పితే కాపీరైట్ కేసు తప్పదు’ అని ఒకరు, ‘నీ బండి నీ ఇష్టం, ఎవరడుగుతారు’ అని ఇంకొకరు అంటున్నారు. ఎవరి మాట నమ్మాలి?

జవాబు: ఇద్దరి మాటా నమ్మకండి. మొదటివారు భయం అక్కర్లేని చోట భయపెడుతున్నారు. రెండోవారు భయపడాల్సిన చోట ధైర్యం చెబుతున్నారు. మీరు చేస్తున్న పనిలో మూడు మెట్లున్నాయి. సాఫ్ట్‌వేర్‌ని చదవడం, దాన్ని మార్చడం, మార్చిన బండిని రోడ్డెక్కించడం. మొదటి రెండు మెట్ల మీద మీకు అండగా ఉండేది కాపీరైట్ చట్టంలోని సెక్షన్ 52. మూడో మెట్టు మీద మిమ్మల్ని ఆపేది మోటారు వాహనాల చట్టంలోని సెక్షన్ 52. సంఖ్య ఒకటే అయినా దారులు వేరు.

చదువుకునే హక్కు

మన కాపీరైట్ చట్టం (1957) కంప్యూటర్ ప్రోగ్రామ్‌ని సాహిత్య రచనల కిందే లెక్కగడుతుంది. ఇంధనం ఎంత చిమ్మాలి, టర్బో ఎంత ఒత్తిడి ఇవ్వాలి, టార్క్ ఎక్కడ ఆపాలి అని నిర్ణయించే ఈసీయూ ప్రోగ్రామ్‌కీ ఆ రక్షణ ఉంది. కారు కొన్నంత మాత్రాన ఆ ప్రోగ్రామ్ మీద కాపీరైట్ మీకు రాదు. కానీ సెక్షన్ 52(1) కొన్ని పనులను ఉల్లంఘన కాదని స్పష్టంగా మినహాయించింది.

1994, 1999 సవరణలతో చేరిన క్లాజులు మీకు ముఖ్యం. ప్రోగ్రామ్ చట్టబద్ధంగా చేతిలో ఉన్న వ్యక్తి, పాడైపోతే ఇబ్బంది లేకుండా బ్యాకప్ తీసి ఉంచుకోవచ్చు (క్లాజు ఎఎ). సొంతంగా రాసుకున్న మరో ప్రోగ్రామ్ దీనితో కలిసి పనిచేయడానికి కావలసిన సమాచారం వేరేచోట సులువుగా దొరకకపోతే దీన్నుంచి రాబట్టవచ్చు (ఎబి). ప్రోగ్రామ్‌ని అది ఉద్దేశించిన పనికి వాడుతూనే, వెనకున్న ఆలోచనలు, సూత్రాలు గ్రహించడానికి పరిశీలించి పరీక్షించవచ్చు (ఎసి). చట్టబద్ధంగా పొందిన సొంత కాపీ నుంచి, వ్యాపారం కాని వ్యక్తిగత వాడకానికి కాపీలు తీసుకోవచ్చు, మార్పులు చేసుకోవచ్చు (ఎడి). స్టాక్ ఫైల్‌ని భద్రపరచడం, మ్యాప్‌లను అర్థం చేసుకోవడం, మీ ఒక్క బండికి మార్చుకున్న ఫైల్ తయారుచేసుకోవడం: ఈ మూడింటికీ ఈ క్లాజుల ఆధారంగా గట్టిగా వాదించవచ్చు.

మరి ఈసీయూని బయటివారు తెరవకుండా కంపెనీ వేసిన సీడ్-కీ అనే డిజిటల్ తాళం సంగతేమిటి? 2012లో చేరిన సెక్షన్ 65ఎ తాళం తీయడాన్ని నేరం చేసింది. శిక్ష రెండేళ్ల వరకు జైలు, జరిమానా. కానీ అది వర్తించాలంటే కాపీరైట్‌ని ఉల్లంఘించే ఉద్దేశంతోనే తాళం తీసి ఉండాలి. చట్టం నిషేధించని పనికోసం తీస్తే ఆ సెక్షన్ అడ్డురాదు. ఇందులో చాలామంది చూడని షరతు ఒకటుంది. అలాంటి పనికోసమే అయినా మరొకరికి తాళం తీయడంలో సాయపడితే, వారి పేరు, చిరునామా, ఎందుకు తీస్తున్నారో పూర్తి రికార్డు ఉంచాలి.

ఈ హక్కు వట్టి సరదాకోసం కాదు. 2015లో ఫోక్స్‌వాగన్ డీజిల్ కార్ల బండారం అమెరికాలో బయటపడింది. ల్యాబ్ పరీక్షలో కాలుష్యం తగ్గించి, రోడ్డు మీద వదిలేసే సాఫ్ట్‌వేర్ వాటిలో ఉంది. ఆ ఏడాది చివర్లో ఫెలిక్స్ డోమ్కే అనే జర్మన్ హ్యాకర్ తన సొంత కారు ఈసీయూ కోడ్‌ని విప్పి, ఆ మోసం లోపల ఎలా నడుస్తుందో హాంబర్గ్‌లో జరిగిన సభలో నలుగురికీ చూపించాడు. చదివే హక్కు లేకపోతే ఇలాంటి మోసాన్ని కొన్నవాడు ఎప్పటికీ పట్టుకోలేడు.

మార్చి అమ్మితే

పైన చెప్పిన రక్షణలో ‘వ్యాపారం కాని’, ‘వ్యక్తిగత’ అనే మాటలే కీలకం. స్నేహితుల దగ్గర డబ్బు తీసుకుని ఫైళ్లు రాసిస్తే, కంపెనీ ప్రోగ్రామ్‌ని మార్చి అమ్మినట్టవుతుంది. తెలిసి ఉల్లంఘిస్తే సెక్షన్ 63 కింద ఆరు నెలల నుంచి మూడేళ్ల వరకు జైలు, రూ.50 వేల నుంచి రూ.2 లక్షల వరకు జరిమానా. ట్యూనింగ్‌కి క్రాక్ చేసిన సాఫ్ట్‌వేర్‌ని తెలిసి వాడడం సెక్షన్ 63బి కింద వేరే నేరం. మీ సొంత బండి మీద వాడినా అది నేరమే.

మన హైకోర్టు తీర్పు ఒకటి ఇక్కడ గుర్తుంచుకోవాలి. సయ్యద్ ఆసిఫుద్దీన్ కేసు (2005). ఒక టెలికం కంపెనీ తన నెట్‌వర్క్‌కే పనిచేసేలా తాళం వేసి అమ్మిన ఫోన్లను, పోటీ కంపెనీ ఉద్యోగులు మార్చి తమ నెట్‌వర్క్‌లోకి తెచ్చారన్నది ఆరోపణ. హైదరాబాద్‌లో సీఐడీ కేసు నమోదైంది. ఆంధ్రప్రదేశ్ హైకోర్టు మోసం, కుట్ర వంటి ఐపీసీ ఆరోపణలను కొట్టేసింది. కానీ సెల్‌ఫోన్ కూడా కంప్యూటరేనని చెప్పి, ఐటీ చట్టం సెక్షన్ 65, కాపీరైట్ చట్టం సెక్షన్ 63 కింద దర్యాప్తు ఆపడానికి ఒప్పుకోలేదు. ఫోనే కంప్యూటరైతే ఈసీయూని కాదనడం కష్టం. ఆ తీర్పు నేరం రుజువైందని చెప్పలేదు. వ్యాపారం కోసం తాళాలు తీసేవారు దర్యాప్తును ఎదుర్కోక తప్పకపోవచ్చని మాత్రం చెప్పింది.

రోడ్డెక్కిస్తే

అసలు చిక్కు ఇక్కడుంది. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం, ఆర్‌సీలోని వివరాలు తయారీదారు మొదట నిర్దేశించినవాటికి భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో ఆర్టీవో వర్సెస్ కె.జయచంద్ర కేసులో సుప్రీంకోర్టు దీన్ని కచ్చితంగా అమలుచేయాలని తేల్చింది. సీఎన్‌జీ, ఎల్‌పీజీ కిట్ల వంటివాటికి నిబంధనల మేరకు వెసులుబాటు ఉంది కానీ, పికప్ కోసం చేసే మార్పులకు లేదు.

2019 సవరణతో వచ్చిన సెక్షన్ 182ఎ(4), విడిభాగాలు అమర్చడంతో సహా అనుమతిలేని ఏ విధంగానైనా బండిని మార్చిన యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకి రూ.5 వేల జరిమానా, లేదా రెండూ విధిస్తుంది. బయటినుంచి తగిలించే ట్యూనింగ్ బాక్స్‌కి ఇది నేరుగా వర్తించే ప్రమాదం ఉంది. ఫైల్ మాత్రమే మారిస్తే ‘విడిభాగం అమర్చలేదు కదా’ అని వాదించినా నిలవడం కష్టం; ఆ సెక్షన్ విడిభాగాలకే పరిమితం కాదు. ఒకవేళ అక్కడ నెగ్గినా సెక్షన్ 190(2) కాచుకుని ఉంటుంది. గాలి, శబ్ద కాలుష్య ప్రమాణాలు తప్పిన బండిని బహిరంగ ప్రదేశంలో నడిపితే మొదటిసారి మూడు నెలల వరకు జైలు, లేదా రూ.10 వేల వరకు జరిమానా, లేదా రెండూ. పైగా మూడు నెలలు లైసెన్స్ పోతుంది. ఇది నడిపేవారికే కాదు, నడపనిచ్చినవారికీ వర్తిస్తుంది.

అందుకే కాలుష్యాన్ని తగ్గించే భాగాలను తీసేసే, ఆపేసే డీపీఎఫ్ డిలీట్, ఈజీఆర్ ఆఫ్ జోలికి ఏ పరిస్థితిలోనూ వెళ్లకండి. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా అమలైన బీఎస్6 ప్రమాణాలను డీజిల్ బండి అందుకోవడానికి ఆ భాగాలు చాలా ముఖ్యం. పొల్యూషన్ సర్టిఫికెట్ చేతికొచ్చినా రక్షణ దొరికినట్టు కాదు. డీజిల్ బండికి ఆ పరీక్ష చూసేది ముఖ్యంగా పొగ సాంద్రతనే.

వారంటీ, బీమా

చాలా ఈసీయూలు ఎన్నిసార్లు ఫ్లాష్ అయ్యాయో గుర్తుపెట్టుకుంటాయి. సర్వీసుకి ముందు స్టాక్ ఫైల్ ఎక్కించినా జాడ మిగలొచ్చు. రీమ్యాప్ వల్ల టర్బోనో గేర్‌బాక్సో పోతే వారంటీ అడగడం కుదరదు. అయితే ఏసీకో పవర్ విండోకో కూడా వారంటీ మొత్తం రద్దంటే ఒప్పుకోవద్దు. 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు సుమారు రూ.2,545 కోట్ల జరిమానా వేసింది. బయటి గ్యారేజీలో బాగుచేయించుకుంటే, ఆ రిపేరు వల్ల జరిగిన నష్టం మేరకే వారంటీ నిరాకరించవచ్చని అప్పుడే చెప్పింది. జరిమానాలపై అప్పీళ్లు నడిచాయి. పైగా ఆ కేసు రిపేర్ల గురించి, ట్యూనింగ్ గురించి కాదు. అయినా నష్టానికీ మార్పుకీ సంబంధం చూపించమని అడగడానికి ఆ తర్కం పనికొస్తుంది. నిరాకరణను జాబ్ కార్డు మీద కారణంతో సహా రాయించుకోండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. రూ.5 లక్షల లోపు కొనుగోళ్లకు వినియోగదారుల కమిషన్‌లో ఫీజు లేదు. గడువు రెండేళ్లు.

బీమా విషయంలో దాపరికం పనికిరాదు. మార్పును బీమా కంపెనీకి రాతపూర్వకంగా చెప్పకపోతే, ప్రమాదం తర్వాత మీ బండి నష్టానికి క్లెయిమ్ ఎగ్గొట్టడానికి చేజేతులా కారణం ఇచ్చినట్టే. అన్యాయంగా తిరస్కరిస్తే ఏడాదిలోపు హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌కి ఫిర్యాదు చేయవచ్చు. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు.

అమెరికాలో ఉన్న మనవాళ్లకి ఒక మాట. అక్కడ తాళం తీయడమే నిషిద్ధం. అయితే సొంత వాహనం రిపేరుకీ, చట్టబద్ధమైన మార్పులకీ 2015లో మినహాయింపు ఇచ్చారు; 2018, 2021, 2024లో కొనసాగించారు. కానీ క్లీన్ ఎయిర్ చట్టం కింద ఉద్గార నియంత్రణను పనిచేయకుండా చేయడం అక్కడా చట్టవిరుద్ధమే.

చివరిగా మీకు నా సలహా ఇది. స్టాక్ ఫైల్‌ని తేదీతో సహా భద్రపరచండి. చదవండి, నేర్చుకోండి, నోట్సు రాసుకోండి. ప్రయోగాలు సెకండ్ హ్యాండ్‌లో కొన్న విడి ఈసీయూ మీద, బల్ల మీదే చేయండి. వారంటీ ఉన్న, రోజూ రోడ్డెక్కే బండిలోకి మార్చిన ఫైల్ ఎక్కించవద్దు. స్నేహితులకు నేర్చుకున్నది చెప్పండి, ఫైళ్లు మాత్రం రాసివ్వకండి. వారి బండి రేపు ఆర్టీవో ముందు నిలబడితే, ఆ ఫైల్ రాసింది ఎవరన్న ప్రశ్న మీ దగ్గరికే వస్తుంది.