క్వాంటమ్ కంప్యూటర్: పరీక్షకు ముందు తెలుసుకోవాల్సింది

చెన్నై దగ్గరి మింజూరు నుంచి పోటీ పరీక్షలకు చదివే తెలుగు అభ్యర్థులకు ఈ అంశం దూరమేమీ కాదు. జాతీయ క్వాంటమ్ మిషన్ నాలుగు కేంద్రాల్లో కమ్యూనికేషన్ విభాగం పక్కనున్న మద్రాస్ ఐఐటీదే. కంప్యూటింగ్ బెంగళూరు ఐఐఎస్‌సీది, సెన్సింగ్ బొంబాయి ఐఐటీది, పదార్థాలు-పరికరాలు ఢిల్లీ ఐఐటీవి. ‘జతపరచండి’ ప్రశ్నకు అచ్చంగా సరిపోతాయి. మిషన్‌కు కేంద్ర కేబినెట్ ఆమోదం 2023 ఏప్రిల్ 19న లభించింది, వ్యయం రూ.6,003.65 కోట్లు, గడువు 2030-31.

మామూలు బిట్ విలువ 0 లేదా 1. క్యూబిట్ మాత్రం కొలిచేదాకా ఈ రెండు స్థితుల మేళవింపులో ఉండగలదు, అదే సూపర్‌పొజిషన్. క్వాంటమ్ కంప్యూటర్ అన్ని జవాబులనూ ఒకేసారి చెప్పేస్తుందని కొన్ని గైడ్లు రాస్తాయి, నమ్మకండి. కొలిస్తే దక్కేది ఒక్కటే. తప్పు జవాబులు పరస్పరం రద్దయి, సరైనదానికి అవకాశం పెరిగేలా అల్గారిథమ్ రాయడంలోనే కిటుకంతా ఉంది. పెద్ద సంఖ్యలను కారణాంకాలుగా విడగొట్టే అలాంటి పద్ధతిని 1994లో పీటర్ షోర్ చూపాడు. అలా విడగొట్టడం కష్టమన్న నమ్మకంపైనే నిలిచిన ఆర్‌ఎస్‌ఏ ఎన్‌క్రిప్షన్‌కు ముప్పన్న మాట అక్కడే మొదలైంది. అయితే నేటి క్యూబిట్లు చిన్న అలజడికే చెదిరిపోతాయి, కాబట్టి ఆ ముప్పు ఇంకా భవిష్యత్తులోనిదే.

అమరావతి క్వాంటమ్ వ్యాలీలో 156 క్యూబిట్ల హెరాన్ ప్రాసెసర్‌తో ఐబీఎం క్వాంటమ్ సిస్టమ్ టూ ఏర్పాటు చేస్తామని 2025 మేలో ప్రకటించారు. దాని తాజా స్థితిని పరీక్షకు ముందు ఒకసారి సరిచూసుకోండి.