గుంత తవ్వి చూస్తే మంచు గుట్టు తెలుస్తుందా?

ప్రశ్న: మా తమ్ముడు బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నాడు. ఫిబ్రవరిలో స్నేహితులతో హిమాచల్ కొండలెక్కుతానంటున్నాడు. మంచు చరియలు పడతాయి కదరా అంటే, గుంత తవ్వి పారతో తట్టి చూస్తాం, గట్టిగా ఉంటేనే దాటుతాం అంటాడు. నమ్మొచ్చా అండీ?
- ఒక పాఠకురాలు, తలుపుల

జవాబు: పరీక్ష నిజమైనదే, దాని మీద మీ తమ్ముడు పెట్టుకున్న నమ్మకమే ఎక్కువ. కురిసిన మంచు పొరలు పొరలుగా పేరుకుంటుంది. మధ్యలో ఒకదానికొకటి అంటుకోని పలుకుల పొర ఉండి, దానిపైన గట్టి మంచు పలకలా కూర్చుంటే, మనిషి బరువుకే కింది పొర నలిగి పలక మొత్తం జారొచ్చు. 30 నుంచి 45 డిగ్రీల వాలులో ఇవి ఎక్కువ. దాన్ని కనిపెట్టడానికి గుంత తవ్వి, 30 సెంటీమీటర్ల పొడవు, అంతే వెడల్పున్న మంచు దిమ్మెను చుట్టూ కోసి విడిగా నిలబెడతారు. పైన పార రేకు ఉంచి మణికట్టు విసురుతో 10 దెబ్బలు, మోచేతి నుంచి 10, భుజం నుంచి 10 కొడతారు. ఎన్నో దెబ్బకు విరిగిందన్నదే కాదు, ఎలా విరిగిందన్నదీ లెక్కే. కోసినట్టు నున్నగా, చటుక్కున జారితే ప్రమాదం. 90 సెంటీమీటర్ల దిమ్మెతో చేసే ఇంకో పరీక్షలో ఈ కొసన కొట్టి, పగులు ఆ కొసదాకా పాకిందా అని చూస్తారు. నా దృష్టిలో ఇదే మేలు, పగులు పాకనిదే పలక జారదు కాబట్టి.

అయితే దిమ్మె చెప్పేది తవ్విన చోటి సంగతే. మన పక్క ఒక చేన్లో బోరు పడిందని గట్టు అవతల కూడా పడుతుందని ఎవరూ పూచీ ఇవ్వరు కదా. గాలి ఒకవైపు మంచును ఊడ్చి ఇంకోవైపు పోస్తుంది. ఎండ తగిలే చోట ఒక తీరు, నీడలో మరో తీరు. మరి తవ్వడం ఎందుకంటారా? బలహీనపు పొర ఉందని రుజువు కావడానికి ఒక్క గుంత చాలు, ఎక్కడా లేదనడానికి యాభై గుంతలైనా చాలవు. దిమ్మె సులువుగా విరిగితే వెనక్కి రావాలి; విరగలేదని ముందుకు పోకూడదు. దగ్గర్లో కొత్తగా చరియ పడి ఉన్నా, అడుగు వేయగానే లోపల ‘దబ్’మని కుంగిన చప్పుడు వచ్చినా, కాళ్ల దగ్గర్నుంచి పగుళ్లు పరిగెత్తినా అసలు తవ్వే పనే లేదు, తిరుగుముఖం పట్టడమే.

తెలిసినవాళ్లు వెంట ఉంటే భయమేముంది అనొచ్చు. మంచు మీద పరిశోధనకు 1969లోనే మన రక్షణ శాఖ ప్రత్యేక సంస్థ పెట్టింది, సైన్యానికి హెచ్చరికలూ అందుతుంటాయి. అయినా 2016 ఫిబ్రవరి 3న సియాచిన్‌లో, సుమారు 19,600 అడుగుల ఎత్తున, సోనమ్ పోస్టు మీద మంచుగోడ విరిగిపడి పదిమంది మద్రాస్ రెజిమెంట్ సైనికులు పోయారు. అప్పటి కర్నూలు జిల్లా సిపాయి ముస్తాక్ అహ్మద్ వారిలో ఒకరు. పైనుంచి కూలే గోడ సంగతి కాళ్ల కింది గుంతలో కనిపించదు. కాబట్టి మీ తమ్ముణ్ణి గుంత గురించి కాదు, దారి గురించి అడగండి. పూడినవాళ్లను వెతికే బీకన్, గుచ్చి చూసే కడ్డీ, పార ప్రతి ఒక్కరి దగ్గరా ఉన్నాయా? మొదటి పావుగంట దాటితే బతికే ఆశ గబగబా తగ్గిపోతుంది. 30 డిగ్రీలకు తక్కువ వాలున్న, తలపైన నిటారు కొండ లేని దారి ఎంచుకుంటే ఆ పరీక్షతో అవసరమే చాలావరకు తప్పుతుంది.