నన్ను నేను తెలుసుకుంటే...



"నువ్వెందుకు చదువుతున్నావురా?" అని మొన్న లెక్కల సారు అడిగితే నాకు జవాబు రాలేదు. రాత్రంతా ఆలోచించాను.

మన గిరిజన బిడ్డ మాలావత్ పూర్ణది నిజామాబాదు జిల్లా పాకాల. మనలాగే గురుకులంలో చదివింది. మొదట భువనగిరి గుట్ట ఎక్కింది. తర్వాత డార్జిలింగ్‌లో, లడఖ్ చలిలో శిక్షణ పొందింది. 2014 మే 25న ఎవరెస్టు ఎక్కింది. అప్పటికి 14 ఏళ్లు కూడా నిండలేదు! గుట్ట ఎక్కి చూస్తేనే గదా మన కాళ్ల సత్తువ మనకు తెలిసేది.

ఎవరెస్టును 1953 మే 29న మొదటగా ఎక్కినవారు టెన్జింగ్ నార్గే, ఎడ్మండ్ హిల్లరీ. హిల్లరీ ఆ పేరుతోనే తృప్తి పడలేదు. తనకు తోడుగా నిలిచిన షెర్పాల మేలు మరువక, 1961లో వాళ్ల ఖుంజుంగ్ ఊళ్లో బడి కట్టించాడు. కృతజ్ఞత నోటితో చెప్పి ఊరుకునేది కాదు, చేసి చూపించేది.

ఇక నా సంగతి. నాకు లెక్కలు రావు, ఓపిక మాత్రం ఉంది. ఐదో తరగతిలో చేరిన కొత్తలో, బహదూర్‌పల్లి రోడ్డు మీద లారీల చప్పుడుకు నిద్రపట్టక, అమ్మ గుర్తొచ్చి ఏడ్చేవాణ్ణి. పదో తరగతి అన్న ఒకరు తన దుప్పటి నాకు కప్పి పక్కన కూర్చున్నాడు. ఆ అన్న చదువైపోయి వెళ్లిపోయాడు. బాకీ నా దగ్గరే ఉండిపోయింది. నిన్న రాత్రి ఓ చిన్న తమ్ముడు ఏడుస్తుంటే పోయి పక్కన కూర్చున్నాను. వాడు నిద్రపోయాక నాకెంతో హాయిగా అనిపించింది. సారు ప్రశ్నకు సగం జవాబు దొరికినట్టే!

పడుకునే ముందు మీరూ మూడు ప్రశ్నలు వేసుకోండి:
1. నాకేం వచ్చు?
2. నాకెవరు మేలు చేశారు?
3. ఈ రోజు నేనెవరికి చేశాను?

– 9వ తరగతి విద్యార్థి