చేతిలో నాలుగు సీట్లు: వదలవలసినది ఎప్పుడు?



"అమెరికాలో మనుమరాలికి నాలుగు మెడికల్ కాలేజీల్లో సీటు వచ్చిందట. మూడింటిని వదులుకుంటుందట! ఒక్క సీటు కోసం ఇక్కడి పిల్లలు అల్లాడుతుంటే ఇదేమి చోద్యం?" అని ఒక అమ్మమ్మ ఆశ్చర్యపోవచ్చు. అయితే అక్కడి పద్ధతి వేరు. మన దగ్గర ఇంటర్ తరువాత నీట్ ర్యాంకును బట్టి కౌన్సెలింగులో ఒక సీటు కేటాయిస్తారు. అక్కడ సాధారణంగా నాలుగేళ్ల డిగ్రీ చదివి, ఎంక్యాట్ పరీక్ష వ్రాసి, అనేక కళాశాలలకు దరఖాస్తు చేస్తారు. ప్రతి కళాశాల విడిగా ఇంటర్వ్యూ చేసి, విడిగా ప్రవేశమిస్తుంది.

చిక్కు ఇక్కడే ఉంది. సీటు వచ్చిందన్న ఉత్తరం ముందు వస్తుంది. స్కాలర్‌షిప్ సంగతి తరచు వారాలు, నెలలు గడిచాక గాని తేలదు. తొందరపడి సీటు వదిలితే, అది తిరిగి వస్తుందన్న ఆశ పెట్టుకోరాదు. వదలకుండా అన్నింటినీ అట్టిపెట్టుకుంటే, వెయిటింగ్ లిస్టులో మరొకరి బిడ్డ ఎదురు చూస్తూ ఉంటుంది. మరి ఏది ఎప్పుడు వదలాలి?

తేదీలు

అమెరికా మెడికల్ కళాశాలల సంఘం (ఏఏఎంసీ) నియమాల ప్రకారం, మూడింటికి మించి సీట్లు ఉన్నవారు ఏప్రిల్ 15 నాటికి మూడింటికి తగ్గించుకోవాలి. ఏప్రిల్ 30 నాటికి ఒక్కటి మాత్రమే ఉంచుకోవాలి. ఆ ఒక్కదానికి 'ప్లాన్ టు ఎన్‌రోల్' అని గుర్తు పెట్టినా, ఇతర కళాశాలల వెయిటింగ్ లిస్టులలో కొనసాగవచ్చు. 'కమిట్ టు ఎన్‌రోల్' అన్న తరువాత మాత్రం అన్నింటి నుండి తప్పుకోవాలి. టెక్సస్ ప్రభుత్వ కళాశాలల దరఖాస్తు పద్ధతి వేరు గనుక వారి తేదీలు విడిగా చూసుకోవాలి.

ఇవి ఆఖరు గడువులు. అంతవరకు ఆగి తీరాలని వీటి అర్థం కాదు.

డబ్బు లెక్క

చాలా ప్రైవేటు కళాశాలల్లో ఫీజు, ఇంటి ఖర్చు కలిపి ఏటా 80 వేల డాలర్లు దాటుతుంది. 2025లో వచ్చిన చట్టం వల్ల, 2026 జూలై 1 నుండి కొత్తగా అప్పు తీసుకునే వైద్య విద్యార్థులకు కేంద్ర ప్రభుత్వ రుణం ఏటా 50 వేల డాలర్లకు, మొత్తం 2 లక్షల డాలర్లకు పరిమితమైంది. వీసా మీద ఉన్న పిల్లలకు ఆ రుణమూ దొరకదు. కనుక స్కాలర్‌షిప్ కోసం ఆగడం దురాశ కాదు.

'ఆర్థిక సహాయం' అని వచ్చిన ఉత్తరాన్ని జాగ్రత్తగా చదవండి. అందులో తిరిగి చెల్లించనక్కరలేని సొమ్ము ఎంత? అప్పు ఎంత? ఒక్క ఏడాదికా, నాలుగేళ్లకా? ఈ మూడూ విడదీసి కాగితం మీద వ్రాయండి.

వదలవలసిన రోజు

ప్రతి సీటు గురించి ఒకే ప్రశ్న వేసుకోండి: "ఈ కళాశాల నుండి రాగల ఏ జవాబైనా మన నిర్ణయాన్ని మార్చగలదా?" మార్చగలిగితే ఉంచండి. మార్చలేకపోతే ఆ రోజే వదలండి.

ఒక అమ్మాయికి నాలుగు సీట్లు వచ్చాయనుకుందాం. మొదటిది ఆమెకు మిక్కిలి ఇష్టమైన ప్రైవేటు కళాశాల. స్కాలర్‌షిప్ జవాబు రావలసి ఉంది. రెండవది సొంత రాష్ట్రంలోని ప్రభుత్వ కళాశాల, ఫీజు తక్కువ. మూడవది సహాయం ఇవ్వలేమని వ్రాతపూర్వకంగా తెలిపింది. ఖర్చు రెండవదానికి రెట్టింపు. నాలుగవది పూర్తి ఫీజు మాఫీ చేసినా ఆమె వెళ్లదలచలేదు. మూడు, నాలుగు నేడే వదలవచ్చు. "నలుగురికీ చెప్పుకోవడానికి ఉంటుంది" అని నాన్నగారు వాటిని ఉంచమనడం న్యాయం కాదు. మొదటిదాని జవాబు వచ్చేదాకా రెండవదాన్ని ఉంచుకోవడంలో తప్పు లేదు.

కళాశాలలు కొందరు రారని లెక్కవేసే ఎక్కువమందికి ప్రవేశమిస్తాయి. కనుక వదిలిన ప్రతి సీటూ వెంటనే మరొకరికి చేరదు. అయినా ఆ లెక్క తేలేది మనం చెప్పినప్పుడే.

ఆగుతున్నంతకాలం ఊరక కూర్చోరాదు. అడిగిన పత్రాలన్నీ అందాయో లేదో సరిచూడండి. అనేక కళాశాలలు తల్లిదండ్రుల ఆదాయ వివరాలు కూడా అడుగుతాయి. సహాయ విభాగానికి వ్రాసి, జవాబు ఏ తేదీకి వస్తుందో మర్యాదగా అడగండి. గడువు వచ్చినా జవాబు రాకపోతే, స్కాలర్‌షిప్ రానట్లే లెక్కవేసి నిర్ణయించండి. చేతికి రాని సొమ్మును నమ్ముకొని అప్పులో దిగరాదు.

వదిలేటప్పుడు కళాశాల చెప్పిన పద్ధతిలోనే తెలియజేసి, కృతజ్ఞతతో రెండు వాక్యాలు వ్రాసి, రసీదు దాచుకోండి. ఉంచుకొన్న సీటు పత్రం చేతిలో ఉన్నదని ముందుగా చూసుకోండి.

ఇంటిల్లిపాదీ కలిసి ఆలోచించండి

1. మనం ఉంచుకొన్న ప్రతి సీటుకు నిజమైన కారణం ఉందా, లేక పేరు కోసమా?
2. ఏటా ఎంత అప్పు వరకు మోయగలం? ఆ సంగతి బిడ్డతో దాపరికం లేకుండా చెప్పామా?
3. మన బిడ్డే వెయిటింగ్ లిస్టులో ఉంటే, ఇతర కుటుంబాలు ఏమి చేయాలని కోరుకుంటాము?