స్తంభం మీద తెల్ల గిన్నెలు

ఊళ్లో కరెంటు స్తంభాలను రోజూ చూస్తూనే ఉంటాం. ఈసారి పైకొసను చూడండి. ఇనుప పట్టీ మీద తెల్లగానో, గోధుమ రంగులోనో చిన్న గిన్నెలు బోర్లించినట్టు కనపడతాయి. తీగ ఆ గిన్నెల మీదే ఆని ఉంటుంది. ఇనుప పట్టీకి ఎక్కడా తగలదు. ఎందుకని?

తీగ ఇనుముకు తగిలితే కరెంటు పట్టీలోకి, స్తంభంలోకి, నేలలోకి దిగుతుంది. అప్పుడు స్తంభాన్ని ముట్టుకుంటే మనిషికైనా, గొడ్డుకైనా షాక్ కొడుతుంది. ప్రాణాలు పోతాయి. కరెంటు దిగకుండా అడ్డుకునేవే ఈ గిన్నెలు. వీటిని ఇన్సులేటర్లు అంటారు. పుస్తకాల్లో విద్యుత్ బంధకాలు అని రాస్తారు.

కరెంటు ఎలా ఆగుతుంది?

అన్ని వస్తువుల్లోనూ ఎలక్ట్రాన్లు అనే అతి చిన్న కణాలుంటాయి. అవి కంటికి కనపడవు. రాగి, అల్యూమినియం, ఇనుములో కొన్ని ఎలక్ట్రాన్లు కట్టు విప్పిన గొర్రెల్లాంటివి. అదిలిస్తే చాలు, ఒక దిక్కుకు కదులుతాయి. ఆ కదలికే కరెంటు. రబ్బరు, ప్లాస్టిక్, గాజు, పింగాణీల్లో ఎలక్ట్రాన్లు గుంజకు కట్టేసిన బర్రెల్లాంటివి. అదిలించినా అక్కడే ఉంటాయి. కాబట్టి కరెంటు పారదు.

అయితే బర్రెను మరీ బెదరగొడితే పలుపు తెంచుకుంటుంది. బంధకమూ అంతే. వోల్టులు మితిమీరితే తట్టుకోలేదు. ఇంట్లో కరెంటు 230 వోల్టులు. మూడు ఫేజుల మోటారుకు 415 వోల్టులు. ఊరి ట్రాన్స్‌ఫార్మర్‌కు వచ్చే పెద్ద లైనులో 11,000 వోల్టులు. ఇంటి వైరు తొడుగు 11,000 వోల్టులకు ఆగదు. గాలి కూడా బంధకమే. కానీ పిడుగు పడేటప్పుడు ఆ గాలినీ చీల్చుకుని కరెంటు దూకుతుంది. అందుకే పెద్ద లైను కింద ఇనుప గడలు, పొడుగాటి పైపులు నిలువుగా ఎత్తకూడదు. బాగా దగ్గరికి పోతే తగలకముందే కరెంటు దూకవచ్చు.

ఏ పనికి ఏ సరుకు?

పింగాణీ: తెల్ల బంకమట్టి, పలుగురాయి పొడి, ఫెల్డ్‌స్పార్ అనే రాతిపొడి కలిపి ముద్ద చేస్తారు. ఆకారం తెచ్చి, పూత పూసి, బట్టీలో కాలుస్తారు. వేడి 1,200 డిగ్రీలు దాటుతుంది. పూత నున్నగా ఉంటుంది కాబట్టి వాననీళ్లు జారిపోతాయి. గిన్నె బోర్లించి ఉంటుంది కాబట్టి లోపలి వైపు అంతగా తడవదు. 1,32,000 వోల్టుల టవర్లకు ఒక్క గిన్నె చాలదు. 9 లేదా 10 పళ్లేలను దండలా గుచ్చి వేలాడదీస్తారు. ఇప్పుడు గాజు పళ్లేలు, సిలికాన్ రబ్బరువి కూడా వాడుతున్నారు.

ప్లాస్టిక్: వంగుతుంది కాబట్టి వైర్లకు తొడుగు వేస్తారు. ఏళ్ల తరబడి ఎండకు ఎండితే పగులుతుంది.

కాకిబంగారం: దీన్నే అభ్రకం అంటారు. గూడూరు ప్రాంతపు గనులు దీనికి పేరుపడ్డాయి. ఎర్రటి వేడికి కూడా కాలదు. అందుకే పాతకాలపు కరెంటు ఇస్త్రీ పెట్టెల్లో వేడెక్కే తీగను అభ్రకం రేకుకు చుట్టేవారు.

తడి ఉంటే బంధకం లేనట్టే

ఒక రైతు లైన్‌మన్‌ను అడిగాడు: "అన్నా, కర్రలో కరెంటు పారదంటారు గదా. మొన్న పచ్చికర్రతో వైరు నెడితే జిల్లుమన్నదేంది?"

"ఎండు కర్ర వేరు, పచ్చికర్ర వేరు తమ్ముడూ. పచ్చికర్రలో నీళ్లుంటయి. నీళ్లలో ఉప్పులు కరిగి ఉంటయి. వాటి గుండా కరెంటు పారుతది. తడిచెయ్యి, తడిబట్ట, తడిసిన చెప్పులు కూడా అంతే. బతికి బయటపడ్డవు, మళ్లీ ఆ పని చెయ్యకు."

గుర్తుంచుకోండి

- తడి చేత్తో, వట్టి కాళ్లతో స్టార్టర్ పెట్టెను ముట్టుకోవద్దు.
- తొడుగు పగిలిన వైరును వెంటనే మార్పించండి. పాలిథీన్ సంచి చుట్టి సరిపెట్టవద్దు.
- ఎవరికైనా షాక్ తగిలితే చేత్తో లాగవద్దు. ముందు మెయిన్ ఆపండి. ఆపే వీలు లేకపోతే, ఇంటి కరెంటు అయితేనే, పొడి నేల మీద నిలబడి బాగా ఎండిన కర్రతో వైరును నెట్టండి.
- పెద్ద లైను తెగి పడితే కర్రతో కూడా దగ్గరికి పోవద్దు. ఎవరినీ పోనివ్వద్దు. 1912 నంబరుకు ఫోన్ చేయండి.

ఆలోచించండి

1. ఇన్సులేటర్‌ను బోర్లించిన గిన్నెలా ఎందుకు చేస్తారు?
2. మీ ఇంట్లో, మీ మోటారు దగ్గర తొడుగు పగిలిన వైర్లు ఎన్ని ఉన్నాయి? చూసి రాసుకోండి.