ఆ గీత కిందదా, మధ్యదా?

టీ చల్లారిపోతోంది, ముందు తాగమ్మా. ఫోన్లో మీ అమ్మాయి "అండర్‌స్కోర్ కొట్టు" అనగానే కంగారుపడ్డావా? మనందరికీ ఉన్న గుబులే అది. అక్షరాలైతే ఎలాగో వెతుక్కుంటాం, ఈ చుక్కలూ గీతల దగ్గరే చెయ్యి ఆగిపోతుంది. పేరు తెలియనిదాన్ని ఎవర్నని అడుగుతాం?

నా సంగతి విను. ఓసారి మా మేనకోడలికి మెయిల్ పంపుతూ అండర్‌స్కోర్ బదులు హైఫన్ కొట్టాను. మూడుసార్లు వెనక్కొచ్చింది. నెట్ బాగాలేదని ఇంట్లో అందరి మీదా అరిచాను కూడా! తీరా చూస్తే రెండూ ఒకే బటన్ మీద ఉన్నాయి, సున్నాకి కుడిపక్కన. ఊరికే నొక్కితే మధ్యలో చిన్న గీత, అదే హైఫన్. షిఫ్ట్ పట్టుకుని నొక్కితే అడుక్కి దిగిన గీత, అది అండర్‌స్కోర్. బటన్ మీద రెండు గుర్తులుంటే పైదానికి షిఫ్ట్ కావాలి, అంతే.

రెండు అంకె మీదున్న ఎట్ ద రేట్ పాపం పాత చిట్టాల మనిషి. డజను ఇంత చొప్పున అని రాసుకునే గుర్తది. 1971లో రే టామ్లిన్‌సన్ దాన్ని మెయిల్ అడ్రసులో పెట్టాడు, మనిషి పేరుకీ మిషను పేరుకీ మధ్య.

ఇక పాల లెక్క. రోజుకి రెండు ప్యాకెట్లు, ముప్ఫై రోజులు. ఎక్సెల్‌లో ఇంటూ కోసం ఎక్స్ అక్షరం కొట్టకు తల్లీ, ఎనిమిది మీదున్న నక్షత్రమే ఇంటూ. భాగించడానికి ప్రశ్నార్థకం కిందున్న ఏటవాలు గీత. అన్నిటికంటే ముందు ఈక్వల్ టు పెట్టు: =2*30. అది మర్చిపోతే రాసింది రాసినట్టే కూర్చుంటుంది. ఆ జంటగీతలు 1557 నాటివి. ప్రతిసారీ "సమానం" అని రాయలేక విసుగెత్తి రాబర్ట్ రికార్డ్ అనే వేల్స్ దేశపు ఆయన పెట్టాడట. విసుగు మనకొక్కరికే కాదన్నమాట!

రూపాయి గుర్తు 2010లో వచ్చింది, పాత కీబోర్డుల మీద కనపడదు. విండోస్‌లో ఇంగ్లీష్ ఇండియా కీబోర్డు పెట్టుకో, కుడివైపు ఆల్ట్ పట్టుకుని నాలుగు నొక్కు. వేళ్లు నొప్పులా? షిఫ్ట్ వరసగా ఐదుసార్లు నొక్కి, అడిగితే సరేనను. ఆ తర్వాత షిఫ్ట్ పట్టుకునే ఉండక్కర్లేదు, ఒకసారి నొక్కి వదిలేసి రెండోది నొక్కొచ్చు.

సరే, ఇప్పుడు నువ్వే కొట్టు, నేను చూస్తుంటాను. ఆ గ్లాసు మాత్రం కీబోర్డుకి దూరంగా పెట్టు.